పది సెంట్ల పెరటి తోట: ఏరువాక నుంచి రథసప్తమి దాకా

విశాఖ చుట్టూ పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం, మధురవాడ వైపు ఇల్లు కట్టుకుని వెనక పది సెంట్లు ఖాళీగా ఉంచుకున్నవాళ్ళ కోసం ఇది. పది సెంట్లంటే 484 గజాలు. శ్రద్ధగా చూసుకుంటే ఐదారుగురున్న ఇంటికి ఏడాదిలో ఎక్కువ రోజులు కూర దొరుకుతుంది, గుడికీ ఇరుగుపొరుగుకీ ఇంత పంచిపెట్టే వీలూ ఉంటుంది.

తోటకు భక్తి ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. పొద్దున్నే లేచి ప్రతి మడి దగ్గరా ఆగి, వంగి, నేలను తాకి దణ్ణం పెట్టుకునేవాళ్ళకి ఆకు అడుగున చేరిన తెల్లదోమ మొదటి రోజే కనబడుతుంది. దాటుకుంటూ నడిచేవాళ్ళకి పది రోజుల తర్వాత కనబడుతుంది. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నీ ఆ వంగడం మీదే ఆధారపడ్డాయి. అలాగని పని మానేసి భారమంతా దేవుడి మీద వేస్తే నారుకుళ్ళు ఆగదు.

గునపం దించే ముందు

పని ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టండి. ఈశాన్యం మూల కాస్త అలికి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొదటి పోటు వేయడం మన వైపు ఆనవాయితీ. "సముద్రవసనే దేవి" శ్లోకం వచ్చినవాళ్ళు అది చదువుకోండి. సముద్రాన్ని చీరగా కట్టుకున్న తల్లీ, నీ మీద కాలు మోపుతున్నాను, మన్నించు అని దాని భావం. చర్చికి వెళ్ళేవాళ్ళు తమ ప్రార్థన తాము చేసుకుంటారు. ఎవరు ఎవరికి మొక్కుకున్నా, ఆ రోజు ఈ నేల దగ్గర ఎంత తీసుకుంటామో అంత తిరిగి పెడతామని అనుకోవాలి.

తిరిగి పెట్టాల్సిన అవసరం ఇక్కడ మరీ ఎక్కువ. విశాఖ చుట్టుపక్కల చాలా చోట్ల ఉన్నది ఎర్రనేల. నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, సారం వాటితో కిందికి దిగిపోతుంది. వాన పడి ఎండ కాసిందంటే పైన పెంకు కట్టి మొలకని పైకి రానివ్వదు. కొత్తగా కట్టిన ఇంటి వెనక అయితే ఇంకో చిక్కు: సిమెంటు పెళ్ళలు, సున్నం, ఇటుక ముక్కలు మట్టిలో కలిసి ఉంటాయి. వాటివల్ల మట్టిలో క్షారం పెరిగి మొక్కకి ఇనుము అందదు. లేత ఆకులు పచ్చటి ఈనెలతో పసుప్పచ్చగా మారితే కారణం చాలాసార్లు ఇదే. అడుగు లోతు తవ్వి ఆ చెత్తంతా ఏరి బయట పోయండి. దీనికి రెండు మూడు రోజుల కూలి అవుతుంది, అయినా మానకండి.

మట్టి పరీక్షకి ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసేసి, ఇంగ్లీషు వి ఆకారంలో అరడుగు లోతు గొయ్యి తీసి, గోడ వెంట పైనుంచి కిందికి పలచగా చెక్కిన మట్టి తీసుకోండి. గట్టు పక్కన, గెత్తం కుప్ప కింద, చెట్టు నీడలో తీయకూడదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇలా చేసి, నీడన ఆరబెట్టి భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వండి. బోరు నీళ్ళు కూడా ఒక లీటరు సీసాలో పట్టి ఇవ్వండి. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో ఎండాకాలం బోర్లలో ఉప్పు పెరుగుతుంది. చిక్కుడు జాతి మొక్కలు దాన్ని అస్సలు ఓర్చుకోలేవు, ఆకు అంచులు మాడిపోతాయి. పాలకూర, బీట్‌రూట్ కాస్త ఓర్చుకుంటాయి.

ఎరువు లెక్క సెంటుకి 100 కిలోలు, అంటే పది సెంట్లకి ఒక టన్ను. అది బాగా చివికిన పశువుల గెత్తం అయి ఉండాలి. పిడికిట పట్టి నలిపితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, ముట్టుకుంటే వేడి ఉండకూడదు. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, చెదలు చేరతాయి, వేరుపురుగు వస్తుంది, కలుపు గింజలన్నీ మొలుస్తాయి. వేపపిండి సెంటుకి 2 కిలోలు.

ఎండుతెగులు, వేరుకుళ్ళు రాకుండా ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రం కూడా కలపండి. పది సెంట్లకి 200 గ్రాముల పొడిని 9 కిలోల చివికిన గెత్తం, కిలో వేపపిండిలో కలిపి, చెమ్మ తగిలేలా నీళ్ళు చల్లి, నీడలో తడి గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచండి. పైన తెల్లటి, ఆకుపచ్చటి బూజు కనబడితే అది తయారైనట్టు. ఎండలో పెట్టినా, రసాయన ఎరువుతో కలిపినా శిలీంధ్రం చచ్చిపోయి పని వృథా అవుతుంది.

మే నెలలో జల్లు పడితే పచ్చిరొట్ట ఎరువుగా కిలో నుంచి కిలోన్నర జీలుగ గింజలు చల్లండి. పూత మొదలయ్యే వేళకి, దాదాపు 45 రోజులకి, మట్టిలో కలిపి కుళ్ళనివ్వాలి. అప్పటిదాకా ఆగలేకపోతే సగం నేలలోనైనా చేయండి.

మళ్ళు, పందిరి

నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మళ్ళు పదహారు వేసుకోవచ్చు. నాలుగడుగులకి మించితే మధ్యకి చెయ్యి అందక మడిలో కాలు పెడతాం, మట్టి గట్టిపడుతుంది. నడవడానికి అడుగున్నర దారి. ఒక్కో మడికి 18 నుంచి 20 కిలోల గెత్తం పడుతుంది. వానాకాలంలో మడి 9 అంగుళాలు ఎత్తుగా ఉండాలి, లేకపోతే నీళ్ళు నిలిచి మొదళ్ళు కుళ్ళుతాయి. ఫిబ్రవరిలో అదే మడిని తిరగేసి, నేలకన్నా రెండంగుళాలు పల్లంగా చేసుకుంటే ఎండాకాలం తడి నిలుస్తుంది. ఏడాది పొడవునా ఒకే రకం మడి ఉంచడం ఇక్కడి వాతావరణానికి నప్పదు.

పందిరి ఉత్తరం వైపు వేయండి. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి, పందిరి దక్షిణాన ఉంటే దాని నీడ మళ్ళ మీద పడి టమాటా కాయదు. ఇరవై అడుగులకి నలభై అడుగుల పందిరి సరిపోతుంది. సరుగుడు కర్రల అడుగు భాగానికి తారు పూసి, రెండడుగుల లోతు పాతి, పదడుగులకొకటి నిలబెట్టండి. ఎత్తు ఆరున్నర అడుగులు. మూలల్లో బయటికి లాగి కట్టే స్టే తీగలు తప్పకుండా ఉండాలి. ఉప్పుగాలికి సన్నని ఇనుప తీగ రెండేళ్ళలో తుప్పు పట్టి తెగుతుంది. అంచులకి జింకు పూత వేసిన మందపాటి జీఐ తీగ, మధ్య అల్లికకి నైలాన్ తాడు వాడితే మేలు.

గాలి వచ్చే వైపు రెండు వరసల జొన్న గానీ మొక్కజొన్న గానీ దగ్గర దగ్గరగా వేయండి. తెల్లదోమనీ ఉప్పుగాలినీ కొంత ఆపుతుంది. మధ్య మధ్య ఆముదం మొక్కలుంటే పొగాకు లద్దెపురుగు గుడ్లు వాటి మీదే ఎక్కువ పెడుతుంది. ఆ ఆకులు తుంచి నలిపేస్తే చాలు.

సింహాచలం కొండ అంచున, కంబాలకొండ అంచున ఉన్నవాళ్ళకి కోతుల బెడద ఉంటుంది. కొండవైపు మళ్ళలో కాకర, కంద, చేమ, పసుపు, మిరప పెట్టుకోండి. వీటి జోలికి కోతులు తక్కువగా వస్తాయి.

ఏరువాక: నారు, విత్తనం, పాదు

జ్యేష్ఠ పౌర్ణమి ఏరువాక. ఆ రోజు బెండ, గోరుచిక్కుడు, గోంగూర నేరుగా విత్తుకోవచ్చు. వంగ, మిరప నారు దానికి మూడు వారాల ముందే పోసి ఉంచాలి. నారు వయసు పట్టించుకోక నష్టపోయేవాళ్ళు ఎక్కువ. టమాటా 25 నుంచి 30 రోజులకి, వంగ 30 నుంచి 35, మిరప 40 నుంచి 45 రోజులకి నాటాలి. ముదురు నారు నాటితే గుబురు కట్టకుండానే పూతకొచ్చి, కాపు త్వరగా ముగుస్తుంది.

నారుమడి అరడుగు ఎత్తున, రెండంగుళాల ఎడంలో వరసలుగా, గోటి లోతున విత్తి, పైన వరిగడ్డి కప్పండి. మొలక కనబడిన రోజు సాయంత్రమే గడ్డి తీసేయాలి, ఆలస్యమైతే మొలకలు పాలిపోయి సాగుతాయి. మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోతుంటే అది నారుకుళ్ళు. లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోయండి. విత్తిన 9వ రోజూ 13వ రోజూ ముందుజాగ్రత్తగా పోస్తే రాకుండానే ఉంటుంది.

నాటే దూరాలు: వంగకి వరసల మధ్య రెండున్నర అడుగులు, మొక్కల మధ్య రెండడుగులు. టమాటాకి రెండడుగులు, అడుగున్నర. మిరపకి రెండేసి అడుగులు. బెండకి వానాకాలం రెండడుగులు, అడుగు, ఎండాకాలం ఇంకాస్త దగ్గరగా. ఇంటికి పాతిక వంగ, ముప్పై టమాటా, ముప్పై మిరప మొక్కలు చాలు. ఒకేసారి వంద వంగ మొక్కలు నాటేసి, తర్వాత కాయలు పారేసుకోవద్దు.

ఆనప, బీర, పొట్ల, కాకర పాదులకి అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి, 10 కిలోల గెత్తం, గుప్పెడు వేపపిండి మట్టితో కలిపి నింపండి. గింజలు నాలుగైదు పెట్టి, మూడాకులప్పుడు బలమైనవి రెండు ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. పెంకు గట్టిగా ఉండే కాకర గింజల్ని రాత్రంతా నానబెట్టాలి.

పాదు నిండా పూలున్నాయి, పిందె పసుపెక్కి రాలిపోతోంది అనే ఫిర్యాదు అన్ని ఇళ్ళలోనూ వింటాం. ఎరువు తక్కువైందని యూరియా వేస్తారు, ఇంకా రాలుతుంది. అసలు లోపం చాలాసార్లు పరాగం అందకపోవడమే. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకి సన్నని కాడ మాత్రమే ఉంటుంది. మగపువ్వు రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు మొన మీద మెల్లగా రాయండి. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, ఆనప సాయంత్రం విచ్చుకుంటాయి, పొట్ల చీకటి పడ్డాక. సంధ్యాదీపం పెట్టి దొడ్లోకి రాగానే ఆనపపువ్వు తెల్లగా విచ్చుకుని కనబడుతుంది, సరిగ్గా అదే వేళ చేయాలి. మర్నాడు పొద్దుటికి ఆ పువ్వు వాడిపోతుంది.

రోజూ పొద్దున్న చూడాల్సినవి

సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, తోట చుట్టూ కుడివైపుగా ఒక చుట్టు తిరగండి. చేతిలో చిన్న కత్తెర, సబ్బునీళ్ళ డబ్బా ఉండాలి.

వంగలో కొస ఒక్కటే వేలాడుతుంటే లోపల మొవ్వు తొలిచే పురుగుంది. వాడిన చోటుకి అంగుళం కింద కత్తిరించి డబ్బాలో వేయండి. కంపోస్టులో వేస్తే అక్కడే రెక్కల పురుగై తిరిగొస్తుంది. వారం వారం మానకుండా కొసలు తుంచితే కాయలో పురుగు సగం తగ్గినట్టే.

మొక్క మొత్తం ఒక్కరోజులో, ఆకులు పచ్చగా ఉండగానే వాడిపోతే వేరే పరీక్ష చేయాలి. మొదలు దగ్గర కాండం కోసి, గాజుగ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, కోసిన కొస నీళ్ళలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలదారంలా తెల్లగా కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండుతెగులు. దానికి మందు లేదు. మొక్కని మట్టితో సహా తీసి తగలబెట్టి, ఆ మడిలో రెండు మూడేళ్ళు వంగ, టమాటా, మిరప నాటకండి. మొక్కజొన్న, తోటకూర వేసుకోండి. నీళ్ళు తేటగా ఉండిపోతే శిలీంధ్రమో, చెదలో, వేరుకుళ్ళో అయి ఉంటుంది. వేళ్ళు పీకి చూడండి. ఉబ్బి బుడిపెలు కడితే నులిపురుగు, అక్కడ బంతి వేయాలి. ఆ పూలు పూజకీ పనికొస్తాయి.

మిరపలో ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. రెండింటికీ ఒకటే మందు కొట్టి, అది పని చేయలేదనుకునేవాళ్ళున్నారు. నల్లికి లీటరుకి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, ఎండ తగ్గాక కొట్టాలి. తామరపురుగుకి వేపగింజల కషాయం. బెండలో ఈనెలు పసుప్పచ్చబడి ఆకంతా పసుపైతే అది వైరస్ తెగులు. ఆ మొక్కని వెంటనే పీకేయండి, తెల్లదోమ ఆ తెగులుని మిగతావాటికి మోసుకుపోతుంది. పాదుల మీద పండుఈగ కుట్టిన కాయలు నేల మీద వదలొద్దు. ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టి, మగ ఈగల్ని లాగే క్యూలూర్ ఎర కట్టండి.

వేపగింజల కషాయం 10 లీటర్లకి: 500 గ్రాముల వేపపప్పు పొడి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్న పిండి, సాయంత్రం 10 గ్రాముల సబ్బుపొడి కలిపి కొట్టాలి. ఆ రోజు తయారు చేసింది ఆ రోజే వాడేయండి.

జీవామృతానికి 20 లీటర్ల నీళ్ళు, కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు పులియనిచ్చి, రోజుకి రెండుసార్లు కర్రతో కలపండి. వారంలోపు తడి నేల మీద పోసేయాలి. ఇది పది సెంట్లకి ఒక విడత, పదిహేను రోజులకోసారి.

ఎండాకాలంలో మళ్ళకీ పందిరికీ కలిపి రోజుకి దాదాపు వెయ్యి లీటర్ల నీళ్ళు కావాలి. ఆకుల మీద కాక మొదళ్ళకి పోయండి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి కప్పండి. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్ళితే అది పురుగు పని కాదు. ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తడం వల్ల సున్నం కాయకి అందక వచ్చేది.

పాలవెల్లికి తొలి కాపు

జూన్‌లో విత్తిన బెండ 45 నుంచి 50 రోజులకి కాపుకొస్తుంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి బెండ, బీర, లేత దోస మీ దొడ్లోవే ఉంటాయి. తొలి కాయ దేవుడికి పెట్టందే నోట పెట్టకపోవడం పాత మాట. మన్యంలో కొత్తల పండుగ చేసుకుని గానీ కొత్త పంట తినరు, చర్చిల్లో కోతల పండుగకి మొదటి ఫలాలు తీసుకెళ్తారు. తోట పరంగా కూడా ఇందులో మంచి ఉంది: వంగ, మిరపల్లో మొదటి కాయ త్వరగా కోసేస్తే మొక్క బలం కొమ్మల మీదికి మళ్ళుతుంది. సింహాద్రి అప్పన్నకో, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికో, వీధి చివర గుడికో పంపండి. తర్వాతి కోత పక్కింటికి.

పూజ అయిన పత్రి, పూలు పారేయకండి. దారాలు, ప్లాస్టిక్ తీసేసి, ఒక వంతు పచ్చిదానికి రెండు వంతుల ఎండాకు కలిపి కంపోస్టు గొయ్యిలో వేయండి.

బెండ రోజు విడిచి రోజు కోయాలి. కొస విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ముదిరినట్టు. ఒక్క ముదురుకాయ వదిలేసినా మొక్క పూత తగ్గిస్తుంది. ఆనపకాయ మీద నూగు ఉండి గోరు దిగితే లేత.

తుఫాను నెల

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లని ఏం చేసిందో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో హెచ్చరిక రాగానే కోయగలిగిన కాయలన్నీ కోసేయండి. పందిరి మీది తీగని సగం కత్తిరించి తేలిక చేయండి, షేడ్‌నెట్ విప్పేయండి, అది తెరచాపలా గాలికి పొంగి కర్రల్ని పెకలిస్తుంది. దారుల చివర్లు తెరిచి నీళ్ళు బయటికి పోయేలా చేయండి. గాలి తగ్గాక ఆ రోజే మంచినీళ్ళతో ఆకుల మీది ఉప్పు కడగాలి. వాలిన మొక్కల్ని నిలబెట్టి మట్టి ఎగదోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు మొదళ్ళలో పోయండి. వారం దాకా యూరియా వద్దు, దెబ్బతిన్న వేరు తీసుకోలేదు.

నవంబరు నుంచి టమాటా, క్యాబేజీ, ముల్లంగి, మెంతి, కొత్తిమీర పెట్టుకోవచ్చు. రాత్రులు చల్లబడితేనే టమాటా పూత నిలుస్తుంది. సంక్రాంతికి గుమ్మడికాయ దానం ఇవ్వాలంటే గింజ సెప్టెంబరు మొదట్లోనే పెట్టి ఉండాలి.

చిక్కుడు రథం, ఆ తర్వాత

పందిరి చిక్కుడు శ్రావణంలో పెట్టండి. ఎంత ముందు పెట్టినా పగలు పొట్టిగా అయ్యేదాకా పూయదు, ఊరికే ఆకులు పెంచుతుంది. పూత మీద నల్లగా పేనుబంక పేరుకుంటే మంచు తడి ఉండగానే జల్లించిన బూడిద చల్లండి. రెండోసారీ వస్తే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు.

మాఘ శుద్ధ సప్తమి నాటికి కాపు నిండుగా ఉంటుంది. ఆ రోజు రథానికి వంకర లేని, గింజ కట్టని కాయలు ఎంచుకుని, చీపురుపుల్లలు గుచ్చి చట్రం కట్టి, పిడకల మీద వండిన పరమాన్నం చిక్కుడాకుల్లో సూర్యుడికి నివేదన చేస్తారు. ఆ ఆకులు కోసేటప్పుడు కాయ పక్కనున్నవి వదిలి, ముదురు కొమ్మ మీదివి కోయండి.

అదే రోజు విత్తనానికీ గుర్తు పెట్టుకోవచ్చు. తెగులు లేని, గుత్తులు బాగా కాసిన తీగ మీద పదిహేను ఇరవై కాయలకి ఎర్రదారం కట్టి, ఇంట్లో అందరికీ చెప్పండి, లేకపోతే ఎవరో ఒకరు కూరకి కోసేస్తారు. కాయ ఎండి గలగలమన్నాక కోసి, గింజ నీడన ఆరబెట్టి, బూడిద కలిపి కుండలో పెడితే పుచ్చు పట్టదు. హైబ్రిడ్ గింజతో పెరిగిన మొక్క నుంచి విత్తనం కట్టొద్దు, పిల్లలు తల్లిలా రావు.

మార్చిలో తీగ వాడాక వేళ్ళు పీకకుండా మొదలు దగ్గర కోసేయండి, వేళ్ళ బుడిపెల్లో నత్రజని ఉంటుంది. పదహారు మళ్ళలో ఐదింటికి ఎండాకాలం సెలవివ్వండి. పైన ఎండాకు దట్టంగా కప్పి, మేలో జల్లు పడగానే జీలుగ చల్లి, దాన్ని కలియదున్నే రోజు దాకా ఆ మళ్ళలో అడుగు పెట్టకండి.